పంపు పట్టుకొని భివండీ తిరిగాను

ఊరి నుంచి చుట్టాలు వచ్చి భివండీ చూపించమంటే మా పద్మనగర్ వాళ్లకు ఎప్పుడూ సంకటమే. ఏం చూపిస్తాం? ఒక సాయంత్రం కామత్‌ఘర్‌లో వరాలదేవి చెరువు గట్టున కూర్చోబెట్టి, మార్కండేయ స్వామి గుడికి తీసుకొనిపోయి, మర్నాడు వజ్రేశ్వరి వేడినీటి గుండాలకు బస్సెక్కిస్తే మా చూపింపు ముగుస్తుంది. తక్కినదంతా సాంచాల మోత, లారీలు, గుంటల రోడ్డు. ఇరవై ఏళ్లు ఇక్కడ గుమాస్తాగిరీ చేసినా నాకూ ఇల్లు, కార్ఖానా, కూరగాయల మండీ తప్ప ఊరు పెద్దగా తెలియదనే చెప్పాలి. అటువంటివాణ్ణి మొన్నటి వర్షాకాలంలో మూడు రోజులు ఒక పంపు సంచిలో వేసుకొని ఊరంతా తిరిగాను. నా తెలివితక్కువ వల్ల తిరిగాను గనుక ఆ సంగతి దాచకుండా వ్రాస్తున్నాను.

పంపు అంటే పెట్రోలు బంకు కాదు. మోటారు సైకిలు టాంకు లోపల వుండేది. మా బాపు కాలంలో బండికి ఇటువంటిది లేదు. టాంకు పైన వుండేది, కార్బురేటరు కింద వుండేది, మధ్యలో ఒక చిన్న కుళాయి. పెట్రోలు తనంతట తానే దిగివచ్చేది. చెత్త అడ్డుపడితే కార్బురేటరులోని జెట్టు విప్పి నోటితో ఊదితే పని అయిపోయేది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు బి.ఎస్. 6 నిబంధన వచ్చినది. పొగ తగ్గించాలంటే పెట్రోలు కొలిచి చిమ్మాలి. కొలిచి చిమ్మాలంటే వత్తిడి కావాలి. అందుకని టాంకు అడుగున కరెంటు మోటారు గల పంపు పెట్టారు. తాళం తిప్పగానే రెండు క్షణాలు తుమ్మెద రొద వంటి చప్పుడు వినబడుతుంది చూడండి, అది ఈ పంపుదే. గొట్టంలో అది పుట్టించే వత్తిడి సుమారు మూడు బార్లు. కారు టైరులో వుండే గాలి కంటె ఎక్కువ. ఈ సంగతి నాకు తెలియదు. తెలిసి వుంటే ఈ వ్యాసమే వుండేది కాదు.

మా బండి 125 సి.సి.ది, 2021లో కొన్నాము. కొన్నది నేననడం కంటె మా బాపు అనడమే న్యాయం. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పదిహేనేళ్ల వయసులో ఇక్కడికి వచ్చి, కండెలు చుట్టే పని నుంచి మొదలుపెట్టి, సాంచాలు నడిపి, జాబరుగా మరమ్మతులు నేర్చి, 1991లో నాలుగు సొంత సాంచాలు పెట్టుకొన్నాడు. బొంబాయి మిల్లులు వదిలించుకొన్న పాత మగ్గాలు అవి. 1982లో జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తరువాత అక్కడి బట్ట పని ఎంతో మన భివండీకి మళ్లిందని పెద్దలకు తెలిసినదే. ముప్పై ఏళ్లు ఆ నాలుగింటి మీదనే మా ఇల్లు నడిచింది. తరువాత నూలు ధర, కరెంటు బిల్లు, కూలి, మూడూ పైకి పోయి గ్రే బట్ట ధర మాత్రం కింద కూర్చున్నది. లాక్‌డౌను దెబ్బకు షెడ్డు తాళం పడింది. చివరకు నాలుగింటినీ కిలోల లెక్కన భంగారుకు వేశాము. మరాఠీవాళ్లు పాత ఇనుమును భంగార్ అంటారు. మన చెవికి అది బంగారం లాగే వినబడుతుంది. ఆ రోజు బాపు ఆ మాట రెండుసార్లు పైకి అని, మరి మాట్లాడలేదు. ఆ డబ్బుకు నేను కొంత కలిపి బండి తీసుకొన్నాము. వాకిట్లో అది నిలబడి వుంటే నాకు బండి కనబడుతుంది. ఆయనకేం కనబడుతుందో నేనెప్పుడూ అడగలేదు.

శ్రావణ మాసంలో బండి ఎక్కిళ్లు మొదలుపెట్టినది. రాజనోలీ నాకా దగ్గర పైకెక్కేటప్పుడు లాగదు, ఆగుతుంది, మళ్లీ లాగుతుంది. ఇప్పుడు మనం పోయించుకొనే పెట్రోలులో ఐదో వంతు దాకా ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలుకు నీరంటే ప్రీతి. వానాకాలంలో మూత సందుల నుంచి చుక్క చుక్క నీరు దిగితే పట్టుకొంటుంది. పట్టగలిగినంత పట్టి, అది మించితే నీళ్లతో సహా విడిపోయి అడుగున చేరుతుంది. పంపు వుండేదీ అడుగుననే. ఇదంతా ఒక కుర్రవాడు ఫోను వీడియోలో చెబుతుంటే విన్నాను. టాంకు దింపి కడిగితే సరి, మిస్త్రీకి ఇచ్చే ఐదు వందలు మిగులుతాయి అనుకొన్నాను. మెట్రిక్ పాసైన గుమాస్తాకు లెక్కలు వస్తాయిగదా!

మా కార్ఖానాకు శుక్రవారం సెలవు. ఉదయం బాపు చెరువు వైపు నడకకు పోగానే వాకిట్లో బండి సీటు తీశాను, టాంకు బోల్టులు తీశాను, వైరు క్లిప్పు వూడదీశాను. పెట్రోలు గొట్టం దగ్గరే చిక్కు. గొట్టం చివర ఒక ప్లాస్టిక్కు తాళం వుంటుంది, రెండు పక్కలా నొక్కి నేరుగా లాగాలి. వేళ్లకు అందలేదు. స్క్రూడ్రైవరు దూర్చి తిప్పాను. టక్కున విరిగింది. విరిగింది గొట్టం కాదు, పంపు మీదనే పోసిన ప్లాస్టిక్కు నిపిలు. విరగడంతోనే గొట్టంలో నిలిచివున్న పెట్రోలు పిచికారీ లాగా నా మోచేతి మీద, మెడ మీద, గోడ మీద చిమ్మింది.

మా వాకిలికీ వంటింటికీ మధ్య గోడ లేదు, పరదా వున్నది. లోపల నా భార్య రొట్టెలు కాలుస్తున్నది. వాసన తగలగానే “నువ్వు ఆడనే వుండు, కదలకు!” అని కేక వేసి, ముందు స్టవ్ ఆర్పి, సిలిండరు మూత తిప్పి, పిల్లను వెనక దారిన బయటికి తోలి, తరువాత వచ్చి నా మీద బకెట్టు నీళ్లు గుమ్మరించినది. నా కంటె ఆమెకే ముందు బుద్ధి వెలిగినది. మా గల్లీలో ఎడమ పక్కన షెడ్డు, కుడి పక్కన షెడ్డు, చూరు కింద గజిబిజిగా కరెంటు తీగలు, ప్రతి తీగ మీద వేలెడు మందాన దూది బూజు. నిప్పురవ్వ పడితే గల్లీ మిగలదు. ఆ మధ్యాహ్నమంతా నా చేతులు వణుకుతూనే వున్నవి.

(గొట్టం విప్పబోయే ముందు పంపుకు పోయే వైరు తీసి, ఇంజను ఆడించి దానంతటది ఆగిపోయేదాకా వుంచితే లోపలి వత్తిడి పోతుందట. ఆ వీడియో కుర్రవాడు ఈ ముక్క చెప్పాడో లేదో నాకు గుర్తు లేదు. చెప్పే వుంటాడు.)

బాపు వచ్చేసరికి అంతా కడిగి, టాంకు మీద గోనెపట్టా కప్పాను. చెప్పలేదు. సాయంత్రం రెండు ముద్దలు కలిపి అతికించే సీలు తెచ్చి నిపిలు అతికించి రాత్రంతా ఆరబెట్టాను. తెల్లవారి వాకిలి దాటి రోడ్డు పక్కన పెట్టి తాళం తిప్పాను. పంపు రొద చేసింది. అతుకు చుట్టూ ముందు చెమట, తరువాత చుక్క, తరువాత ధార. తాళం తీసేశాను. పెట్రోలుకు కరగని జిగురు, మూడు బార్ల వత్తిడికి ఓర్చే జిగురు పది రూపాయల పొట్లంలో రాదు.

శనివారం సాయంత్రం పంపు సంచిలో వేసుకొని షేరు ఆటోలో ధామణ్‌కర్ నాకా, అక్కడి నుంచి నడిచి ఒక సర్వీసు సెంటరు. అద్దాల గది, చల్లగాలి. కౌంటరు మీది అబ్బాయి పంపు వైపు చూడకుండానే కంప్యూటరు చూసి, నిపిలు విడిగా రాదు, మూతపళ్లెం విడిగా రాదు, మొత్తం పంపే మార్చాలి, నాలుగు వేల పైచిలుకు, ఆర్డరు పెడితే వారం పది రోజులు అన్నాడు. అతని తప్పేమీ లేదు. ముక్క విరిగితే మొత్తం మార్చాలన్నది ఇప్పటి పద్ధతి. సాంచాలో పికింగ్ కర్ర విరిగితే సాంచా మార్చినవాణ్ణి మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర బాపు తల ఎత్తకుండా అన్నాడు. “నిన్న పొద్దుగాల నుంచి ఇంట్ల పెట్రోలు వాసన కొడుతుంది. ఏం ఇరిగిందిరా?”

చెప్పాను. తిడతాడనుకొన్నాను. 1970లోను, 1984లోను ఈ ఊరు తగలబడినప్పుడు కళ్లారా చూసినవాడు. మంట మాట ఆయన ముందు తేలికగా ఎత్తకూడదు. చాలసేపు మాట్లాడలేదు. “పిల్ల యాడుండె అప్పుడు?” అని మాత్రం అడిగాడు. వెనక దారిన బయటికి పంపించిందన్నాను. చెయ్యి కడుక్కొని, “గా ముక్క ఇటియ్యి” అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకొని విరిగిన అంచును గోటితో గీకి చూశాడు. “రేపు నాతోని రా.”

ఆదివారం సగం పూట సెలవు అడిగి బాపు వెంట బయలుదేరాను. ఇక్కడి నుంచి నేను చూసిన భివండీ వేరు. ఆయన నాకాల పేర్లతో నడవడు. ఫలానా సైజింగు వెనక, ఫలానా బాయిలరు గొట్టం పక్కన, పోయిన చింతచెట్టు దగ్గర, ఇదీ ఆయన లెక్క. మండీ వెనక గల్లీలు రెండు మూరలకు మించవు. రెండు పక్కలా సాంచాల మోత. మనిషి మాట వినబడదు, పెదవులు చూసి అర్థం చేసుకోవాలి. బాపు గోడకు చెయ్యి ఆనించి నిలబడి, “ఇండ్ల ఇరవై నాలుగున్నయి, ఒకటి సరిగ్గ కొడతలేదు” అన్నాడు. నాకు అంతా ఒకటే మోత. కొన్ని షెడ్లలో సాంచాలు పోయి అట్టపెట్టెలు పేర్చారు. పూర్ణా, రాహనాళ్, మాన్‌కోలీ వైపు మైళ్ల పొడవున లేచిన గోదాముల సరుకు ఇప్పుడు వూరి లోపలికి కూడ పొంగినది. బొంబాయివాళ్లు ఇంట్లో కూర్చుని ఫోనులో కొన్న చీపురుకట్టయినా ఒక రాత్రి మన భివండీలో పడుకొని పోవచ్చు. మా సేఠ్ కొడుకు కూడ బట్ట మానేసి గోదాము అద్దెల వైపు చూస్తున్నాడు. అది వేరే వ్యాసానికి సరిపోయే సంగతి.

బాపు నన్ను తీసుకొనిపోయినది ఒక లేతు మెషీను దుకాణానికి. నడిపేది ఒక ముసలి మోమిన్ చాచా. సాంచాలకు షాఫ్టులు, బుష్షులు తిప్పే మనిషి. వీళ్లిద్దరూ ఒకరినొకరు నలభై ఏళ్లుగా ఎరుగుదురట. నేను అతన్ని చూడడం అదే మొదలు. చాచా విరిగిన నిపిలు కాలిపరుతో కొలిచాడు. ఇత్తడిలో అర్ధగంటలో తిప్పి ఇవ్వగలను అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. కాని ఆయన పంపు మూతపళ్లెం వేలితో కొట్టి చూసి తల ఆడించాడు.

“ఇత్తడి నాది నిలుస్తుంది. దాన్ని పట్టుకొనేది ఈ ప్లాస్టిక్కు గదా. ఎండకు ఇది ఒక లెక్కన సాగుతుంది, అది ఒక లెక్కన సాగుతుంది. గుంటల రోడ్డు మీద అదురుతుంది. ఆరు నెలలకు చీలిక వస్తే పెట్రోలు ఎక్కడ పడుతుంది? నీ మోకాళ్ల మధ్య, వేడి ఇంజను మీద. నేను చేయను.” బాపు వైపు తిరిగి, “నీ కొడుకు కాకపోతే చేసి యాభై రూపాయలు తీసుకొనేవాణ్ణి” అని నవ్వాడు.

పని లేదన్న మనిషే చాయ్ తెప్పించాడు. చాయ్ తాగుతూ నేను ఒక సందేహం అడిగాను. కరెంటు మోటారును తీసుకొనిపోయి పెట్రోలులోనే ముంచి పెట్టారే, నిప్పురవ్వలు రావా? అది అంటుకోదా? చాచాకు ఈ ప్రశ్న నచ్చినది. “మండడానికి పెట్రోలొక్కటే చాలదు, గాలి కూడ కావాలి. టాంకులో పెట్రోలు ఆవిరి నిండి వుంటుంది, మండేందుకు చాలినంత గాలి వుండదు. పైగా ఆ పెట్రోలే మోటారును చల్లబరుస్తుంది. భయమంతా అది బయట పడినప్పుడే.” యాభై రూపాయల పెట్రోలుతో టాంకు అడుగున బండి నడిపే నా అలవాటు మోటారుకు ఎందుకు మంచిది కాదో అప్పుడు అర్థమైనది. నెల చివర్లో అర్థమైనా చేయగలిగేది కొంచెమే అనుకోండి.

చాచా చెప్పిన గుర్తు పట్టుకొని కల్యాణ్ నాకా వైపు ఒక మిస్త్రీ దగ్గరికి పోయాము. మురుగుకాలవ మీద పలకలు పరచి దుకాణం. వయసు పాతికేళ్లుండదు, ఉత్తరప్రదేశ్ అబ్బాయి. పంపు చేతిలో తీసుకొన్న తీరుకే బాపు ముఖం విప్పారినది. పనివాణ్ణి పనివాడు పట్టడం అంటే ఇదే కాబోలు. ఆ అబ్బాయి వెనక గోతాం తెరచి, మా మాదిరి బండిదే మరొక పంపు తీశాడు. ప్రమాదంలో దెబ్బ తిన్న బండి నుంచి తీసినది. మోటారు కాలిపోయింది గాని మూతపళ్లెం, నిపిలు నిక్షేపంగా వున్నవి. మా మోటారు మంచిది, మా పళ్లెం విరిగింది. రెండు చచ్చిన పంపులలో ఒక బ్రతికిన పంపు వున్నదన్నమాట. ఏడు వందలు అన్నాడు. బాపు బేరమాడలేదు. మా అమ్మ బ్రతికివున్న రోజుల్లో కూడ ఆయన బేరం లేకుండా వంకాయలు కొన్నది లేదు.

విప్పడం చూడవలసినది. క్లిప్పులు ఒక్కొక్కటి గోటితో లేపాడు, స్క్రూడ్రైవరు తాకలేదు. వైర్లలో ఏది ఏ కొనకో ముందే ఫోనులో ఫోటో తీశాడు. మోటారు కింద సన్న జల్లెడ వంటి సంచి వుంటుంది, అది తీసి అరచేతిలో పెట్టి నాకు చూపించాడు. నిండా తెల్లటి నూగు.

“ఇదేంది?” అన్నాడు బాపు. అడిగాడే గాని ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్లు పీల్చిన దూది అది. ప్రతి వారం పెట్రోలు పోయించుకొని వచ్చి, టాంకు మూత తెరచి, మూతి చుట్టూ కార్ఖానా వేస్టు నూలుతో తుడిచేది నేనే. శుభ్రం కోసమే తుడిచేవాణ్ణి. పోగు పోగుగా లోపలికి దిగి జల్లెడ మూసుకొనిపోయింది. నీళ్లు కూడ కొంచెం వున్నవి గాని బండి ఎక్కిళ్లకు అసలు కారణం నా శుభ్రమే. ఆ అబ్బాయి ఒక కొత్త జల్లెడ, ఒక కొత్త రబ్బరు రింగు వేశాడు. పాత రింగు పెట్రోలుకు ఉబ్బి వున్నది, మళ్లీ గాడిలో కూర్చోదట. వాటికి మరి రెండు వందలు.

టాంకు ఇంటి దగ్గర వున్నది గనుక బిగింపు మా చేతిలోనే పడింది. సోమవారం సాయంత్రం పని నుంచి వచ్చి, ఈసారి వాకిట్లో కాదు, గల్లీ చివర మునిసిపాలిటీ ఖాళీ స్థలంలో గోనెపట్టా పరచాము. చుట్టుపక్కల షెడ్డు లేదు, తీగ లేదు. నా భార్య బకెట్టు నిండా ఇసుక తెచ్చి పెట్టి, సిగరెట్టుతో పోతున్న ఇద్దరిని దూరం నుంచే మళ్లించినది. టాంకు కడిగి ఎండకు ఆరబెట్టిన తరువాత పంపు దించాను. ఆరు బోల్టులు. నేను ఒకటి పూర్తిగా బిగించబోతే బాపు చెయ్యి పట్టుకొన్నాడు.

“గట్ల కాదు. ఒకటి కొంచెం, దాని ఎదురుది కొంచెం. చుట్టు తిరుగు. ఒక్క దిక్కే బిగిస్తే ఇంకో దిక్కు లేస్తది.”

చుట్టు తిరిగాను. మూడో చుట్టుకు పానా నా చేతిలోంచి తీసుకొని తక్కిన చుట్టు ఆయనే తిరిగాడు. నాలుగేళ్ల తరువాత ఆయన చేతిలో పానా చూశాను. వేళ్లు వణుకుతాయి గాని పానా పట్టిన తరువాత వణకలేదు.

టాంకులో రెండు లీటర్లు పోసి, గొట్టం నేరుగా నొక్కి, టక్కుమని తాళం పడే దాకా తోసి, వెనక్కి లాగి చూసి, అప్పుడు తాళం తిప్పాను. రొద, ఆగింది. తీశాను. మళ్లీ తిప్పాను. అట్లా ఐదుసార్లు. ప్రతిసారి బాపు నిపిలు చుట్టూ తెల్ల కాగితం తిప్పి వెలుతురుకు పట్టి చూశాడు. కాగితం పొడిగానే వున్నది. ఆ తరువాతనే ఇంజను ముట్టించనిచ్చాడు.

బండి లేచింది. ఎక్కిళ్లు లేవు. “ఒక చుట్టు పోదాం పట్టు” అని ఆయన వెనక ఎక్కాడు. కామ్‌వారీ నది వంతెన దాకా పోయి తిరిగి అంజూర్ ఫాటా వైపు మెట్రో స్తంభాల కింద నుంచి వచ్చాము. పద్మనగర్ మలుపు దగ్గర భుజం తట్టి మా పాత షెడ్డు గల్లీలోకి తిప్పమన్నాడు. అందులో ఇప్పుడు ప్లాస్టిక్కు కుర్చీలు పేర్చారు. ఆపమంటాడేమో అని వేగం తగ్గించాను. ఆపమనలేదు. “ఇంజను చప్పుడు మంచిగుంది” అన్నాడు, అంతే.

ఇంటికి వచ్చాక బండిని వాకిట్లో పెట్టనివ్వలేదు నా భార్య. గల్లీ చివర పెట్టించినది. మూడు రోజుల దాకా పొద్దున్నే స్టవ్ వెలిగించే ముందు అంత దూరమూ నడిచిపోయి, టాంకు కింద వేలు పెట్టి తుడిచి, వాసన చూసుకొని, తిరిగివచ్చి అగ్గిపెట్టె తీసేది.